రెండు పెన్నీల బస్ టికెట్... మూడొందల ఏళ్ల నాటి పాట

లండన్ వచ్చిన కొత్తలో అమ్మ ఫోన్ చేసి, ‘ఎలిజబెత్ రాణి అంత్యక్రియలు చేసిన చర్చి చూశావా? ఫొటో పెట్టు’ అంది. సరేనని ఒక నవంబర్ సాయంత్రం ఆఫీసు అవ్వగానే మ్యాప్స్‌లో వెస్ట్‌మినిస్టర్ అని కొట్టి, కింద వచ్చిన పేర్లలో ఒకటి నొక్కేసి బయల్దేరా. తీరా చేరాక చూస్తే, ఎదురుగా ఉన్నది టీవీలో చూసిన రాతి చర్చి కాదు. ఎర్ర ఇటుక, తెల్ల రాయి చారలు చారలుగా పేర్చిన భవనం. పక్కన సన్నగా, పొడుగ్గా గంటల గోపురం. అమ్మ అడిగింది వెస్ట్‌మినిస్టర్ అబ్బే. నేను వచ్చింది వెస్ట్‌మినిస్టర్ కేథడ్రల్. అబ్బేలో రాజులకు పట్టాభిషేకాలు జరుగుతాయి, అది ఆంగ్లికన్లది. ఇది కేథలిక్కులది. రెండిటికీ మధ్య కాస్త నడక, అంతే. ఈ పొరపాటు చేసేవాళ్లలో నేను మొదటివాణ్నీ కాదు, చివరివాణ్నీ కాదు.

వాన పడుతోంది, టికెట్ కూడా లేదు కదా అని లోపలికి దూరిపోయా. కింద గోడలకి రంగురంగుల పాలరాయి. తలెత్తితే మాత్రం నల్లటి ఇటుక గుమ్మటాలు, చీకటి. 1903లో తెరిచిన ఈ భవనానికి పైన వేయాల్సిన మొజాయిక్ పని ఇంకా పూర్తి కాలేదు. నూటఇరవై ఏళ్లు దాటినా ‘వర్క్ ఇన్ ప్రోగ్రెస్’! మన ప్రాజెక్టులే నయం అనుకుంటూ వెనక కుర్చీలో కూర్చున్నా.

అప్పుడు పాట మొదలైంది. పాడేవాళ్లు ఎక్కడా కనపడలేదు. రికార్డింగేమో అనుకుని స్తంభాల మీద స్పీకర్ల కోసం వెతికా. లేదు, నిజంగానే పాడుతున్నారు. బలిపీఠం వెనక, ఎత్తుగా కట్టిన అర్ధచంద్రాకారపు గదిలాంటి చోట నిలబడి పాడతారు. కింద కూర్చున్నవాళ్లకు ముఖాలు కనపడవు. ఇంగ్లండులో మామూలుగా కాయిర్‌ని మధ్యలో రెండు వరసలుగా ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఇక్కడ మాత్రం గొంతు ఒక్కటే వచ్చి మీ మీద పడుతుంది.

పాట అన్నా గానీ, మనకు తెలిసిన అర్థంలో అది పాట కాదు. మన కచేరీలో ఒక రాగం, ఒక వరస ఉంటుంది. వయొలిన్ అయినా, పక్క గొంతు అయినా దాని వెంటే నడుస్తుంది. ఇక్కడ అయిదు వరసలు ఒకేసారి నడుస్తున్నాయి. ఒక గొంతు ఓ మాట ఎత్తుకుంటుంది, అది సగంలో ఉండగానే రెండో గొంతు అదే మాటను ఇంకో ఎత్తులో అందుకుంటుంది, తర్వాత మూడోది. ఏది మెయిన్, ఏది బ్యాకింగ్ అంటే జవాబు లేదు. ఇళయరాజా పాటల్లో పల్లవి వెనక వయొలిన్లు తమ దారిన తాము ఇంకో ట్యూన్ వాయిస్తుంటాయి చూడండి, దాన్ని అయిదింతలు చేసి, వాయిద్యాలు మొత్తం తీసేస్తే ఎలా ఉంటుందో అలా. దీన్ని పాలిఫనీ అంటారు. పైన ఉన్న గొంతులు ఎనిమిది నుంచి పదమూడేళ్ల మగపిల్లలవి. కింద ఉన్నవి జీతానికి పాడే పెద్దవాళ్లవి.

బయటికి వస్తూ తలుపు దగ్గర పెట్టిన కాగితం చూశా. విలియం బైర్డ్, అయిదు గొంతుల మాస్ అని ఉంది. ఆ రాత్రి ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టి, రెండింటి దాకా పడుకోలేదు.

బైర్డ్ 1623లో చనిపోయాడు. మొదటి ఎలిజబెత్ రాణి ఆస్థానంలో సంగీతకారుడు. 1575లో ఆయనకూ, ఇంకో పెద్దాయన థామస్ టాలిస్‌కూ కలిపి సంగీతం అచ్చేసుకునే హక్కును గుత్తగా ఇచ్చింది ఆ రాణే. కొలువు ప్రొటెస్టెంట్ రాణి దగ్గర, నమ్మకం మాత్రం కేథలిక్. లాటిన్‌లో మాస్, అంటే కేథలిక్కుల ప్రధాన ఆరాధన, జరపడం అప్పుడు ఆ దేశంలో నేరం. ప్రభుత్వ చర్చికి రానివాళ్లకు జరిమానాలు. బైర్డ్ ఇంటివాళ్ల మీదా కేసులు పడ్డాయి.

అలాంటి మనిషి 1590ల్లో ముగ్గురికి, నలుగురికి, అయిదుగురికి అని మూడు మాస్‌లు రాసి అచ్చేశాడు. వాటికి ముఖచిత్రం పేజీ లేదు. అచ్చేసినవాడి పేరు లేదు, సంవత్సరం లేదు. లోపల పేజీల మీద తన పేరు మాత్రం ఉంచుకున్నాడు. అదెంత తెగువో! ఎసెక్స్‌లో తనకు అండగా ఉన్న పీటర్ కుటుంబం ఇళ్లలాంటి చోట్ల, తలుపులు వేసుకుని, నలుగురైదుగురు కూర్చుని పాడుకోడానికి రాసినవి అవి. ఆ కుటుంబపు ఇంగేట్‌స్టోన్ హాల్‌లో పూజారులను దాచిన రహస్యపు అరలు ఇప్పటికీ ఉన్నాయి. 1605లో అచ్చయిన ఆయన ఇంకో సంపుటం దగ్గరుందన్న పాపానికి లండన్‌లో ఒక విదేశీయుణ్ని అరెస్టు చేశారు కూడా. పాటల పుస్తకం దొరికితే జైలు!

తర్వాత ఆ మాస్‌లు దాదాపు మూడొందల ఏళ్లు ఆరాధనలో వినపడలేదు. కేథలిక్కులకు పూర్తి పౌరహక్కులిచ్చే చట్టం 1829లో గానీ రాలేదు. బిషప్పులు 1850లో మళ్లీ వచ్చారు. అప్పటికి వాళ్ల చర్చిల్లో పాడేవి వేరు. హైడెన్, మొజార్ట్, గూనో రాసిన ఆర్భాటమైన మాస్‌లు, ఆపెరా ఫక్కీలో పాడే సోలో గాయకులు. బైర్డ్ తమవాడన్న సంగతి చాలామంది మర్చిపోయారు. కొన్ని రచనలు పందొమ్మిదో శతాబ్దంలో పండితుల కోసం అచ్చయినా అలమారాల్లోనే ఉండిపోయాయి.

ఇక్కడ వస్తాడు మన కథలో మాస్టారు, రిచర్డ్ టెర్రీ. ఆంగ్లికన్‌గా పెరిగాడు. కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీ కాయిర్‌లో పాడాడు. 1896లో కేథలిక్ అయ్యి, డౌన్‌సైడ్ అనే మఠానికి అనుబంధంగా ఉన్న స్కూల్లో సంగీతం మాస్టారుగా చేరాడు. అక్కడి పిల్లలతోనే బైర్డ్‌ని బయటికి తీశాడు. ఆ మాట కార్డినల్ హెర్బర్ట్ వాన్ చెవిన పడింది. వాన్‌ది ఒక పిచ్చి కోరిక. లండన్‌లో కొత్తగా కడుతున్న కేథడ్రల్‌లో ఆదివారమే కాదు, ప్రతిరోజూ ఆరాధన పాటతో జరగాలి. 1901లో టెర్రీని పిలిచాడు. కేథడ్రల్ ఇంకా కడుతూనే ఉన్నారు. కాయిర్ స్కూల్ మాత్రం ఆ ఏడాదే 11 మంది పిల్లలతో మొదలైపోయింది. అంటే సర్వర్ రాకముందే టీమ్‌ని తీసుకున్నారన్నమాట. పాపం, వాన్ ఎక్కువ కాలం వినలేదు. 1903 జూన్‌లో పోయాడు. ఆ కేథడ్రల్‌లో జరిగిన మొదటి పెద్ద ఆరాధనల్లో ఆయన అంత్యక్రియలు ఒకటి.

టెర్రీ ముందున్న పని ఎంత చిక్కుదో చెప్పాలి. నాకు నచ్చింది ఈ భాగమే. ఆ కాలంలో సంగీతం ఇప్పటిలా అన్ని గొంతులూ ఒక పేజీ మీద కనిపించేలా రాసేవాళ్లు కాదు. పై గొంతుకి ఒక పుస్తకం, టెనర్‌కి ఒకటి, బాస్‌కి ఒకటి. ఎవరి పుస్తకం వాళ్లదే. గీతల మధ్య తాళం విడగొట్టే అడ్డగీతలు కూడా ఉండవు. అయిదుగురు డెవలపర్లు అయిదు లాప్‌టాప్‌లలో కోడ్ రాశారు, ఎవరూ ఎక్కడా మెర్జ్ చేయలేదు, కామెంట్లు లేవు, రాసినవాళ్లు పోయి మూడొందల ఏళ్లయింది అనుకోండి. ఒక పుస్తకం పోతే ఆ గొంతు మొత్తం పోయినట్టే. బాల్డ్విన్ అనే గాయకుడు ఎంతో ఓపికగా చేతిరాతతో ఎత్తి రాసుకున్న ఒక సెట్టు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. అందులో టెనర్ పుస్తకం లేదు. ఇంకెక్కడా దొరకని పాటలకు ఆ టెనర్ ఎలా ఉండేదో ఇవాళ ఊహించి రాసుకోవాల్సిందే. టెర్రీ ఇలాంటి పాత పుస్తకాలు ముందేసుకుని, ఒక్కో గొంతు ఎత్తి రాసి, ఒకదాని కింద ఒకటి పేర్చి, పిల్లలు చదవగలిగే కాగితం చేసి, సాయంత్రానికి పాడించాలి. మర్నాడు ఇంకోటి.

ఇది చదువుతుంటే నాకు తిరుమల గుర్తొచ్చింది. అన్నమయ్య సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు గుడిలోని భాండారంలో శతాబ్దాలు అలా ఉండిపోయాయి కదా. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు కూర్చుని వాటిని చదివి, పరిష్కరించి, బయటికి తెచ్చారు. కాకపోతే ఒక తేడా ఉంది. రేకుల మీద రాగం పేరు ఉంది, వరస లేదు. అందుకే రాళ్లపల్లివారు కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. బైర్డ్‌కి స్వరం అంతా ఉంది, పాడే మనుషులు లేరు. టెర్రీ తయారు చేయాల్సింది వాళ్లనే.

మనుషులంటే పిల్లలు. ఎనిమిదేళ్లవాడు వస్తాడు. వాడికి లాటిన్ పలకడం నేర్పాలి, కాగితం చూడగానే పాడటం నేర్పాలి. రోజుకో కొత్త పాట పాడాలంటే బట్టీ కొట్టే టైముండదు. నాలుగైదేళ్లు సానబెట్టాక, వాడు అద్భుతంగా పాడే స్థాయికి వచ్చేసరికి గొంతు మారిపోతుంది. వెళ్లిపోతాడు. టీమ్‌లో ఉన్న బెస్ట్ సీనియర్లు ప్రతి ఏడాదీ రిజైన్ చేసేస్తారు, కౌంటర్ ఆఫర్ ఇచ్చే వీల్లేదు. వాళ్ల స్థానంలో ఫ్రెషర్లు వస్తారు. అయినా క్వాలిటీ తగ్గకూడదు. ఏ మేనేజర్‌నైనా అడగండి, ఇది ఎంత నరకమో చెప్తారు.

1903 నవంబర్‌లో పోప్ పదో పయస్ చర్చి సంగీతం మీద ఒక ఆదేశం ఇచ్చాడు. ఆపెరా పోకడలు వద్దు, గ్రెగోరియన్ చాంట్‌కి మొదటి స్థానం, ఆ తర్వాత పాలెస్ట్రీనా తరహా పాలిఫనీ అని. టెర్రీ అప్పటికే చేస్తున్నది అదే. అదే ఆదేశంలో ఆడవాళ్లు కాయిర్‌లో పాడకూడదు, పై గొంతులకు అబ్బాయిలే అన్న మాట కూడా ఉంది. పాత మంచిని వెనక్కి తెచ్చేటప్పుడు పాత చెడ్డ కూడా దాంతోపాటు వచ్చేస్తుంటుంది. ఇంగ్లండులోని ఆంగ్లికన్ కేథడ్రల్స్‌లో అమ్మాయిల కాయిర్లు పెరగడానికి 1991లో సాల్స్‌బరీ దారి చూపించేదాకా ఆగాల్సొచ్చింది.

సరే, టెర్రీ పాడించాడు. బైర్డ్, టాలిస్, టావర్నర్, టై... వీళ్ల లాటిన్ సంగీతం కేథలిక్ ఆరాధనలో మళ్లీ వినపడింది. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర వారంలో అయితే భక్తులే కాదు, పత్రికల సంగీత విమర్శకులు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో పాఠం చెప్పే స్టాన్‌ఫర్డ్ తన విద్యార్థులను అక్కడికి తరిమేవాడు. రెండు పెన్నీలు పెట్టి బస్సెక్కితే చాలు, పాలెస్ట్రీనాని వినొచ్చు అని. అలా వెళ్లిన కుర్రాళ్లలో హెర్బర్ట్ హోవెల్స్ ఒకడు. 1912లో ఆ కుర్రాడు రాసిన మాస్‌ని టెర్రీ అదే కేథడ్రల్‌లో పాడించాడు. కాలేజీ ప్రాజెక్టు నేరుగా ప్రొడక్షన్‌కి వెళ్లిపోయినట్టు. తర్వాత హోవెల్స్ ఇంగ్లిష్ చర్చి సంగీతంలో పెద్ద పేరయ్యాడు. 1923 మార్చిలో వాన్ విలియమ్స్ మాస్ మొదటిసారి ఆరాధనలో భాగంగా వినపడింది కూడా ఇక్కడే. దేవుడి మీద పెద్దగా నమ్మకం లేని మనిషి రాసిన మాస్ అది. ఈ పాత సంగీతం చెవిన పడకపోతే ఆ రాత అలా ఉండేది కాదు.

ఇక్కడితో ఆపితే సినిమా క్లైమాక్స్‌లా బాగుంటుంది. జరిగింది అది కాదు. వాన్ పోయాక డబ్బు కరువైంది, పెద్ద గాయకుల సంఖ్య తగ్గించారు. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. టెర్రీ చేతికి అందిన పని అల్లా ఒప్పుకునేవాడు. పత్రికలు, ఉపన్యాసాలు, పుస్తకాలు... కేథడ్రల్‌లో కనపడటం తగ్గింది. కూర్చుని వినడమే తప్ప తాము పాడే వీలు లేదని భక్తుల్లో కొందరికి అసంతృప్తి. అదీ న్యాయమే కదా, ఆరాధనకు వచ్చినవాణ్ని ప్రేక్షకుణ్ని చేస్తే ఎలా? ట్యూడర్ కాలపు చర్చి సంగీతాన్నంతా పది సంపుటాలుగా వేసే ఒక పెద్ద పనికి టెర్రీయే మొదట సంపాదకుడు. తీరా ఆ పని ఆయన చేతుల్లోంచి జారిపోయింది, వేరేవాళ్లు పూర్తిచేశారు. 1922లో సర్ బిరుదు వచ్చింది. 1924లో రాజీనామా చేశాడు. 1938లో పోయాడు.

అన్నట్టు, ఓడల మీద నావికులు తాళ్లు లాగుతూ పాడుకునే షాంటీలను సేకరించి 1920ల్లో రెండు పుస్తకాలు వేసింది కూడా ఈయనే. 2021లో ఇలాంటి పాటలు సోషల్ మీడియాలో వైరల్ అయ్యాయి, గుర్తుందా? చర్చిలో లాటిన్, రేవులో తెడ్డుపాట. మూసేసిన నోళ్ల నుంచి పాట రాబట్టడమే ఆయన వ్యసనం అనిపిస్తుంది.

టెర్రీ వెళ్లాక కాయిర్ నడిచింది, కుంటింది, మళ్లీ నడిచింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన జార్జ్ మాల్కం పిల్లల గొంతును మార్చేశాడు. ఇంగ్లండులో అందరికీ అలవాటైన మెత్తటి, వేణువులాంటి గొంతు ఆయనకు నచ్చలేదు. మైదానంలో అరిచే పిల్లాడి గొంతులో ఉండే పదును కావాలన్నాడు. ఆ పదును విని ముచ్చటపడి బెంజమిన్ బ్రిటెన్ 1959లో ఆ పిల్లల కోసమే ఒక చిన్న మాస్ రాశాడు. పది నిమిషాలే, వినండి.

1960ల్లో వాటికన్ మహాసభ తర్వాత లాటిన్ పక్కకు పోయి ఎవరి భాషలో వాళ్ల ఆరాధన మొదలైంది. మంచిదే. కానీ దాంతో చాలా కేథలిక్ కాయిర్లు మూతపడ్డాయి. ఇక్కడా డెబ్భైల్లో స్కూలు నడపడానికి డబ్బుల్లేక మూసేద్దామా అన్నదాకా వచ్చింది. కార్డినల్ బేసిల్ హ్యూమ్ నిలబెట్టాలని నిర్ణయించాడు. ఆ నిర్ణయం ఫలితం వినాలంటే జేమ్స్ ఒడొనెల్ దర్శకత్వంలో వాళ్లు చేసిన ఒక రికార్డు వినాలి. 1998లో గ్రామఫోన్ పత్రిక ఇచ్చే ‘రికార్డ్ ఆఫ్ ది ఇయర్’ దానికే వచ్చింది. అందులో ఉన్న ఒక మాస్ రాసింది స్విట్జర్లాండ్ సంగీతకారుడు ఫ్రాంక్ మార్టిన్. 1920ల్లో రాసి, ఇది నాకూ దేవుడికీ మధ్య విషయం అనుకుని సొరుగులో పెట్టేశాడు. 1963 దాకా ఎవరూ పాడలేదు. ఒడొనెల్ తర్వాత అబ్బేకి వెళ్లాడు. అమ్మ టీవీలో చూసిన రాణి అంత్యక్రియల్లో సంగీతం నడిపించింది ఆయనే. తప్పు చర్చికి వచ్చినా దారి మొత్తానికి సరైనదే అన్నమాట.

ఇప్పుడు అసలు గొడవకి వస్తా. 2019లో స్కూలు ఒక మార్పు చేసింది. అప్పటిదాకా కాయిర్ పిల్లలు టర్మ్ అంతా అక్కడే ఉండేవాళ్లు. ఇకపై వారాంతంలో ఇంటికి వెళ్లొస్తారు అంది. దాంతో వారంలో కొన్ని ఆరాధనల్లో పిల్లలు పాడరు. ఈ స్థాయి కాయిర్ ఇలా నిలవదని పేరున్న సంగీతకారులు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. ఇరవై ఏళ్లుగా కాయిర్‌ని నడుపుతున్న మార్టిన్ బేకర్ ఆ ఏడాది చివర్లో తప్పుకున్నాడు.

సంగీతం వైపు నుంచి చూస్తే వాళ్లు అన్నది నిజం. రోజూ పాడటం వల్లే ఆ చెవి, ఆ ఊపిరి, పక్కవాడి గొంతుతో కలిసే ఆ అలవాటు వస్తుంది. రెండు రోజులు తీసేస్తే రెండు రోజులే పోవు. కానీ నేను ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో చదివా. పేరెందుకు గానీ, అలాంటివి మన దగ్గర బోలెడు. నెలకో ఔటింగ్, ఆదివారం ఫోన్ దగ్గర క్యూ. నాకప్పుడు పదహారేళ్లు. అయినా మొదటి నెల రాత్రుళ్లు దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చా. ఎనిమిదేళ్లవాడి సంగతేంటి? క్రిస్మస్‌కి అందరూ ఇంటికి పోతుంటే, ఆ రోజు పాడాలి కాబట్టి అక్కడే ఉండే పిల్లాడి సంగతేంటి? మా ర్యాంకుల కోసం చేసినదానికీ, దీనికీ తేడా ఉంది. వీళ్లకు చేతిలో ఒక నిజమైన విద్య మిగులుతుంది, అందులో ఆనందం ఉంది. ఆ సాయంత్రం నేను విన్నదాన్ని ర్యాంకుతో పోల్చలేను. అయినా ఓటెయ్యమంటే ఇంటికి పంపమనే వేస్తా. పంపితే నేను విన్న ఆ పాట కొంచెం తగ్గుతుందని తెలిసే వేస్తా.

తర్వాత చాలాసార్లు వెళ్లా. డిసెంబర్‌లో ఒకరోజు ఆరాధన అయ్యాక పక్క తలుపు దగ్గర బూట్ల లేసు కట్టుకుంటూ ఆగిపోతే, పిల్లలు వరసగా వెళ్తూ కనపడ్డారు. అంతసేపూ ముఖాల్లేని గొంతులుగా విన్నవాళ్లు. ఒకడు ముందువాడి మడమ తొక్కాడు. వాడు వెనక్కి తిరిగి మోచేత్తో ఒక పోటు పొడిచాడు. చివరివాడు నోరంతా తెరిచి ఆవలించాడు, ముందు పళ్లు రెండు లేవు.

ఆ రాత్రి అమ్మకి యూట్యూబ్‌లో ఒక లింకు పంపా. 2023 నుంచి వీళ్ల పాత రికార్డులు స్ట్రీమింగ్ యాప్‌లలోనూ దొరుకుతున్నాయి, కానీ అమ్మకి యూట్యూబే వచ్చు. అరగంటకి ఫోన్ చేసింది.

‘ఇది ఆ రాణిగారి చర్చి కాదు కదరా?’

‘కాదమ్మా, పక్కది.’

‘ఎంత బాగా పాడుతున్నారో. చిన్నపిల్లల్లా ఉన్నారే. వీళ్ల అమ్మానాన్నలు ఎక్కడుంటారు?’

‘పిల్లలు హాస్టల్లో ఉంటారమ్మా.’

కాసేపు ఏం మాట్లాడలేదు. ‘ఇంటికి పంపుతారా మరి?’

‘వారం వారం పంపుతున్నారట.’

‘ఆఁ, అయితే సరే’ అని, అబ్బే ఫొటో ఎప్పుడు పెడతావని అడిగింది.